తుల్సీరాం డ్యూటీ సంచి

భూపాలపల్లిలో గని పనివాళ్లుండే గల్లీల్లో ఒక మాట ఇంకా తిరుగుతూనే ఉంది. సకల జనుల సమ్మె నడిచిన రోజుల్లో అందరూ పని బంద్ పెట్టి శిబిరంలో కూర్చుంటే, టింబర్‌మన్ తుల్సీరాం మాత్రం మూడు రోజులు దొంగచాటుగా గనిలోకి దిగాడని, ఆ జీతంతోనే ఇంట్లో కంప్యూటరు పెట్టుకున్నాడని. చెప్పేవాళ్లు గాలికి చెప్పరు. పొద్దున్నే డ్యూటీ సంచి భుజాన వేసుకుని గని తొవ్వ పట్టడం కళ్లారా చూశామంటారు. చూసిన మాట నిజమే. ఇడ్లీల ఎల్లక్క చూసింది, యూనియన్ సోమేశ్వర్ చూశాడు, పాలు పోసే ఆయనా చూశాడు. సంచీ నిజమే, తొవ్వా నిజమే. మిగతాదంతా అబద్ధం. కంప్యూటరు సమ్మెకు ఏడాది ముందే ఆ ఇంటికి వచ్చింది. ఇక ఆ సంచిలో ఏముందో, ఆ తొవ్వ ఎక్కడిదాకా పోయిందో వాళ్లలో ఎవరూ చూడలేదు. ఆ గల్లీలో ఆ సంగతి తెలిసింది అతని భార్య సోమ్లీకి ఒక్కదానికే. ఆమె నోటికేమో ఒట్టు పడింది.

తుల్సీరాంది బయ్యారం అవతల గుట్టల్లో ఒక లంబాడా తండా. అక్కడ రాయి ఎత్తితే ఇనుమంత బరువుంటుంది. ఏడో తరగతి దాకా చదివి, రెండేళ్లు మేకల వెంట తిరిగి, భూపాలపల్లిలో గనులు తెరుస్తున్నారని తెలిసి మేనమామ వెంట వచ్చాడు. కొన్నేళ్లు బదిలీ కార్మికుడిగా దొరికిన పని చేసి, చివరకు టింబర్‌మన్ అయ్యాడు. గనిలో పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం వాళ్ల పని. దుంగ పుచ్చితే దాన్ని ఊరికే పీకేయరు. పక్కన కొత్తది నిలబెట్టి, బరువు కొత్తదాని మీదికి ఎక్కిందని తేలేదాకా పాతదాన్ని ముట్టరు. కప్పు గట్టిదో కాదో తెలియాలంటే కర్రతో తట్టి వింటారు. ఖంగున మోగితే సరే, డొల్లగా మోగితే లోపల పగులున్నట్టు. ఆ షిఫ్టులో తుల్సీరాం చెవిని మించిన చెవి లేదనేవారు.

ఆ తట్టే అలవాటు ఇంటికీ వచ్చింది. కుండ కొన్నా తడతాడు, తలుపు చేయించినా తడతాడు. "పెండ్లి చూపులకొచ్చి నా మొఖం చూడలే, మా గోడ కొట్టి చూసిండు" అని సోమ్లీ ఇప్పటికీ ఆడిపోసుకుంటుంది. మనిషి మాత్రం తక్కువ మాట్లాడతాడు. అడిగితే చెబుతాడు, అడగకపోతే అదే మేలనుకుంటాడు.

అతని తల్లి మంగ్లీ. తండాలో తీజ్ పండుగకు ఆమె పాట ఎత్తుకుంటేనే తక్కిన ఆడవాళ్లు అందుకునేవారు. సమ్మెకు రెండేళ్ల ముందు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. కొడుకు తెచ్చుకుని ఇంట్లో పెట్టుకున్నాడు. చేసేదంతా కోడలు సోమ్లీ. ఎత్తడం, కడగడం ఆమెకు బరువనిపించలేదు. అత్త నోరు తెరవకపోవడమే ఆమెను పరేషాన్ చేసింది. గొంతులో అడ్డమేమీ లేదు, మింగగలదు అని దవాఖానలో చెప్పారు. ముద్ద దగ్గరికి తెస్తే మాత్రం పళ్లు బిగించేది. పదిహేను రోజుల్లో మనిషి సగమైంది.

అంతకు చాలా ఏళ్ల ముందు మానుకోట నుంచి ఒక వీడియో ఆయన తండాకు వచ్చి, తీజ్ తొమ్మిది రోజులూ తీసి నాలుగు సీడీలు చేసిచ్చాడు. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక సోమ్లీ అందులో ఒకటి పెట్టింది. టీవీలో మంగ్లీ నిండు మనిషిగా, అద్దాల రైకతో, చేతులు ఊపుతూ పాడుతోంది. మంచంలో మంగ్లీ కాసేపు చూసి, ఎడమ చేత్తో మంచం పట్టె మీద తాళం వేయడం మొదలుపెట్టింది. ఆ సందున సోమ్లీ ముద్ద పెట్టింది. మింగింది. మరొకటి పెట్టింది. అదీ మింగింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పాట లేనిదే ముసలామెకు బువ్వ లేదు.

రోజుకు మూడుసార్లు తిరిగితే ఏ సీడీ అయినా ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? గీతలు పడి పాట మధ్యలో ఎక్కిళ్లు మొదలయ్యాయి. పాట ఆగితే నోరూ మూతపడేది. అప్పుడు తుల్సీరాం బస్టాండు దగ్గర నెట్ సెంటరు నడిపే భాస్కర్ దగ్గరికి పోయాడు. ఇద్దరూ కలిసి హన్మకొండ నుంచి ఒక వాడిన కంప్యూటరు తెచ్చి, పసుపు పిన్ను వైరుతో ఇంట్లో ఉన్న డబ్బా టీవీకే కలిపారు. సీడీల్లో మిగిలిన పాటలన్నీ అందులోకి ఎక్కించారు.

"అన్నా, వదినెకు కీబోర్డు నేర్పియ్యనా?" అని భాస్కర్ అడిగాడు.

"ఆమెకు మిషిను నేర్పుడు గాదు తమ్మీ, మిషినుకు ఆమెను నేర్పు" అన్నాడు తుల్సీరాం.

ఆ ఒక్క మాటకు భాస్కర్ నాలుగు నెలలు తిరిగాడు. చివరకు ఎట్లా తయారైందంటే, బటన్ నొక్కితే చాలు, ఇంగ్లీషు అక్షరం ఒక్కటి కనపడకుండా టీవీ నిండా ఫొటోలు వస్తాయి. మంగ్లీ ఫొటో, తండా ఫొటో, గుట్ట ఫొటో. కంప్యూటరుకు కలిపిన రిమోటుతో అత్త ఫొటో మీదికి పోయి గుండ్రటి బటన్ నొక్కితే పొద్దటి పాటలు. గుట్ట మీద నొక్కితే పగటి పాటలు. పాట అయిపోతే దానంతట అదే తర్వాతిది ఎత్తుకుంటుంది. బడి ముఖం చూడని సోమ్లీ ఒక చేత్తో రిమోటు, ఒక చేత్తో పళ్లెం పట్టుకుని పని చక్కబెట్టేది. ఇంత చేసి భాస్కర్ ఒక పొరపాటు చేశాడు. ఆ అమరికను ఎట్లా చేశాడో రాసి పెట్టుకోలేదు. తుల్సీరాం అడిగినదల్లా అప్పటికప్పుడు మార్చుకుంటూ పోయాడు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో సమ్మె మొదలైంది. ఆఫీసులు, బడులు, బస్సులు, అన్నిటితోపాటు గనులు. తుల్సీరాం మొదటి రోజే శిబిరంలో కూర్చున్నాడు. నినాదం ఇవ్వమంటే సిగ్గుపడే మనిషి, మైకు చేతికిస్తే "బొగ్గు పెళ్ల కదలొద్దు" అన్నాడు. అందరూ అందుకున్నారు. బొగ్గు నిజంగానే కదలలేదు. బొగ్గు కదలక కరెంటు తగ్గింది. రోజుకు రెండు గంటలు పోయేది నాలుగైంది, నాలుగు పోయేది ఎనిమిదైంది. అయినా గల్లీలో ఎవరూ నోరెత్తలేదు. ఎత్తకపోవడమే ఆ నెల పద్ధతి. ఎల్లక్క గ్రైండరు ఆగిపోతే రోలు కడిగి బయటికి తీసింది. భుజం పట్టిందా అని ఎవరైనా అడిగితే, "రాష్ట్రం వస్తదంటే రెక్కలు నొయ్యవా?" అని వాళ్లనే ఎదురడిగేది. కరెంటు లేదని గొణిగినవాడిని ఉద్యమం పట్టనివాడికింద చూసేవారు.

తుల్సీరాం ఇంట్లో మంగ్లీ బువ్వ వేళలు కరెంటు వేళలైపోయాయి. పొద్దున ఐదింటికి ఉంటే ఐదింటికే, పగలు మూడింటికి వస్తే మూడింటికే. సోమ్లీ వండి మూత పెట్టుకుని కూర్చునేది.

కరెంటు అట్లా పోతూ వస్తూ ఉండగా, ఒక రోజు పాట మధ్యలో కంప్యూటరు డబ్బాలోంచి టక్, టక్ అని వినిపించింది. సోమ్లీకి అది గడియారం చప్పుడులాగా తోచింది. తుల్సీరాం మాత్రం వంగి డబ్బాకు చెవి ఆనించి, చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

"ఏందీ?" అంది సోమ్లీ.

"పగులున్నది" అన్నాడు.

భాస్కర్ వచ్చి చూసి అదే మాట తన భాషలో చెప్పాడు. హార్డ్‌డిస్కు పోతోంది. పాటలు, ఫొటోలు, ఆ అమరిక అంతా దాని మీదే ఉంది. పాటలన్నా పెన్‌డ్రైవులోకి ఎక్కిద్దామంటే సగం ఎక్కి ఆగిపోతున్నాయి. సీడీలు చూద్దామంటే అవి ఎప్పుడో పనికిరాకుండా పోయాయి.

"క్లోనింగ్ చెయ్యాలె అన్నా. అంటే, కొత్త డిస్కు పక్కన పెట్టి, పాతదాన్ని ఉన్నదున్నట్టు కొత్తదాంట్లకు దించుడు. అది అయిపోయి, కొత్తది మంచిగ నడుస్తదని తేలినంకనే పాతది తియ్యాలె."

"గంతే గద" అన్నాడు తుల్సీరాం. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే కదా అన్నట్టుంది ఆ గొంతు.

కొత్త డిస్కు వచ్చింది. కరెంటు వచ్చిన వేళ చూసి ఇంట్లోనే మొదలుపెట్టారు. నూటికి అరవై ఒకటి దాకా దిగింది. అప్పుడు కరెంటు పోయింది. దిగినదంతా పనికిరాకుండా పోయింది. మళ్లీ వచ్చాక డిస్కు తిరగడానికే మొరాయించింది, టక్‌టక్ ఇంకా ఎక్కువైంది.

"ఇట్ల కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దానికి దెబ్బనే" అన్నాడు భాస్కర్. "ఇంకొక్క మాటు గిట్లనే అయితే లేవది. నా సెంటరుల బ్యాటరీలు అర్ధగంట ఆగవు. కరెంటు పోని జాగ చూడాలె. వేరే ప్రోగ్రాం ఇస్త, అది ఎక్కడిదాక దించిందో గుర్తు రాసుకుంటది. మనం ఆపి మల్ల మొదలువెట్టినా ఏం గాదు. కని కరెంటు దానంతట అది పోవద్దు."

ఆ రోజు మంగ్లీ ఏమీ తినలేదు. మరునాడు కూడా. సోమ్లీ తనే ఆ పాట పాడి చూసింది. ముసలామె కోడలి వంక ఒకసారి చూసి కళ్లు మూసుకుంది. "నా గొంతు అసొంటిది" అని సోమ్లీ నవ్వబోయి, పళ్లెం పట్టుకుని లోపలికి పోయింది. గుక్కెడు గంజి, అదీ బలవంతాన. ఇట్లా ఎన్ని రోజులు నిలుస్తుందో లెక్కపెట్టుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది.

కరెంటు పోని జాగ ఆ చుట్టుపక్కల ఒకటే ఉంది, కరెంటు తయారుచేసే ప్లాంటు ఉద్యోగులుండే థర్మల్ కాలనీ. గల్లీ నుంచి రెండు గంటల నడక. అక్కడ స్టోరులో పనిచేసే వీరస్వామి ఒకప్పుడు పక్క గల్లీ మనిషే, ఇంట్లో కంప్యూటరు కూడా ఉంది. అతనికి అప్పుడు రెండో షిఫ్టు, మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటాడు. బస్సులు సమ్మెలో ఉన్నాయి. సైకిలు మీద పోతే గతుకులకు డిస్కు దెబ్బ తింటుందని తుల్సీరాం నడవడానికే నిశ్చయించాడు. రెండు డిస్కులనూ తువ్వాలలో చుట్టి, ఇంట్లో ఉన్న సంచుల్లో అన్నిటికంటే దళసరిది ఏదని చూశాడు. డ్యూటీ సంచి. పొద్దున ఐదున్నరకు మెలకువ వచ్చింది, అలవాటు కొద్దీ అప్పుడే బయలుదేరాడు. థర్మల్ తొవ్వ గని గేటు ముందు నుంచే పోతుంది. మొదటి షిఫ్టు వేళకు, డ్యూటీ సంచితో, గని గేటు వైపు. సమ్మెలో ఉన్న గని మనిషి చేయకూడని పనులన్నీ ఒక్క నడకలో చేశాడు, ఒక్కటీ తోచకుండానే.

పోయేముందు గడప దగ్గర ఆగి, "ఎక్కడికి పోయిన్నో ఎవలకు చెప్పకు" అన్నాడు.

"ఎందుకు?"

"చెప్పకు. నా మీద ఒట్టు."

థర్మల్ కాలనీలో వీరస్వామి తన కంప్యూటరు మూత తీసి రెండు డిస్కులనూ తగిలించాడు. భాస్కర్ రాసిచ్చిన కాగితం తుల్సీరాం ఒళ్లో పెట్టుకున్నాడు. రాసిచ్చిన రోజే అతని దగ్గరా ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడు. ప్రోగ్రాం ముందు అడిగేది పాతది, దాని మీద ఎనభై అని ఉంటుంది. తర్వాత అడిగేది కొత్తది, మూడువందల ఇరవై. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి పాటల మీద కూర్చుంటుంది. తుల్సీరాం రెండంకెల మీదా వేలు పెట్టి, కాగితం చూసి, తెర చూసి, మళ్లీ కాగితం చూసి, అప్పుడు నొక్కమన్నాడు. తర్వాత నాలుగు గంటలు డిస్కు మీద చేయి ఆనించి కూర్చున్నాడు. వేడెక్కితే ఆపమనేవాడు, విసనకర్ర తీసుకుని ఊపేవాడు.

"డిస్కుకు ఇసురుడు నేను గిప్పుడే చూస్తున్న" అన్నాడు వీరస్వామి. "కాళ్లు గూడ ఒత్తరాదు?"

"కాళ్లు లేవు గద అన్నా" అన్నాడు తుల్సీరాం, చెవి దాని మీదే ఉంచి.

మొదటి రోజు మూడో వంతు దిగింది. వీరస్వామి డ్యూటీకి పోయే వేళైతే ఆపి, మళ్లీ తువ్వాలలో చుట్టుకుని నడిచి వచ్చాడు. అక్కడే వదిలి రావచ్చు కదా అని సోమ్లీ అడిగితే, "నా పక్కన లేకుంటె నిద్ర పట్టది" అన్నాడు. రెండో రోజు మరికొంత. ఒక చోట డిస్కు అదేపనిగా గీరుతుంటే ప్రోగ్రాం ఆ ముక్కను వదిలేసి ముందుకు పోయింది. మూడో రోజు పూర్తయింది.

ఈ మూడు రోజుల్లో గల్లీ ఊరుకోలేదు. మొదటి రోజే నల్లా దగ్గర ఎల్లక్క బిందె దింపకుండానే అడిగింది.

"ఏమే సోమ్లీ, మీ ఆయన పొద్దుగాల్నే తయారైండు. గని మీద ముద్దొచ్చిందా?"

"పనుండి పోయిండు అక్కా."

"పనుండే పోతరు మల్ల. ఊకెనే పోతరా, అన్నం సంచి ఏసుకొని?"

నల్లా దగ్గర నవ్వులు. సోమ్లీకి చేతిలో బిందె ఉన్నది కాబట్టి సరిపోయింది, అది నింపుకునే వంకన తల వంచుకుంది. రెండో రోజు సాయంత్రం శిబిరంలో సోమేశ్వర్ మైకులో పేరు చెప్పకుండా, మనలో కొందరు పొద్దున్నే ఎటో పోతున్నారు, చూసీ ఓర్చుకుంటున్నాం అన్నాడు. తుల్సీరాం అతని ఎదురుగా రెండో వరుసలో కూర్చుని ఉన్నాడు. తల దించలేదు. మూడో రోజు మధ్యాహ్నం, ఊళ్ల నుంచి రైతులు పంపిన బియ్యం సమ్మె ఇళ్లకు పంచుతూ ట్రాలీ ఆటో గల్లీలోకి వచ్చింది. ఇంటింటికీ ఆగింది. సోమ్లీ గంప పట్టుకుని గడపలో నిలబడింది. ఆటో ఆమె ముందు నుంచి పోయి, తర్వాతి ఇంటి ముందు ఆగింది.

తుల్సీరాం ఇల్లు చేరేసరికి ఆమె ఆ గంపను బోర్లించి దాని మీదే కూర్చుని ఉంది.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"ఒట్టు పెట్టిన గద."

"ఒట్టు నువ్వు పెడితివి, మాటలు నేను పడితి. ఏం దొంగతనం చేసినవని దాస్తున్నవ్?"

అతను కొత్త డిస్కును డబ్బాలో బిగించడం మొదలుపెట్టాడు. మూడింటికి కరెంటు వచ్చింది. బటన్ నొక్కారు. టీవీ చాలాసేపు నల్లగానే ఉంది. సోమ్లీ కోపం పక్కన పెట్టి రిమోటు తీసుకుంది. ఫొటోలు వచ్చాయి: మంగ్లీ, తండా, గుట్ట. అత్త ఫొటో మీద గుండ్రటి బటన్ నొక్కింది. రెండు పాటలు పోయాయి, మిగిలినవన్నీ ఉన్నాయి. మూడో పాటకు ముసలామె ఎడమ చేయి పట్టె మీద కదిలింది. సోమ్లీ పరుగున పోయి మెత్తగా కలిపిన అన్నం తెచ్చింది. పది రోజులు కొత్తది బాగా నడిచేదాకా తుల్సీరాం పాత డిస్కును పారేయలేదు. తర్వాత ఒకసారి తగిలించి చూస్తే అది తిరగనే లేదు.

నెల దాటి కొన్ని రోజులకు గనుల్లో సమ్మె ముగిసింది. హాజరు పట్టీ తెరిస్తే అందరి వరుసల్లాగే తుల్సీరాం వరుసా ఖాళీగా ఉంది. సోమేశ్వర్ స్వయంగా చూశాడు, చూసినట్టు నలుగురికి చెప్పాడు కూడా. దానితో మాట ఆగిందా అంటే ఆగలేదు, కొంచెం మారింది. "పట్టీల ఎక్కకుండ చేయించుకున్నడట" అని కొత్తది పుట్టింది. సోమ్లీ నల్లాకు పోయే వేళ మార్చుకుంది.

ఇంకో పది రోజులు గడిచాక, ఒక మధ్యాహ్నం ఎల్లక్క గిన్నెలో నాలుగు ఇడ్లీలు పెట్టుకుని ఆ ఇంటికి వచ్చింది. ముసలామెను చూడడానికని చెప్పింది. చూసింది. టీవీలో పాడుతున్న మంగ్లీని చూసింది, మంచంలో తాళం వేస్తున్న మంగ్లీని చూసింది, ముద్ద పెడుతున్న సోమ్లీని చూసింది. పాట ఎందులో నుంచి వస్తోందని అడిగింది, డబ్బా ఎప్పుడు కొన్నారని అడిగింది, లోపల ఏముంటుందని అడిగింది. సోమ్లీ పొడిపొడిగా చెప్పింది. తుల్సీరాం రెండో షిఫ్టుకు సంచి సర్దుకుంటున్నాడు. ఎల్లక్క అతని వైపు తిరిగి పీట జరుపుకుంది.

"తుల్సీరాం, ఇంగ ఎవల నోట వినుడు నాతోని గాదు. నిన్నే అడుగుతున్న. ఆ మూడు రోజులు ఎటు పోయినవ్?"

"థర్మల్ కాలనీకి అక్కా. వీరస్వామన్న ఇంటికి. దీని డిస్కు ఖరాబైతే కొత్తదాంట్లకు దించుకొచ్చిన. కరెంటు పోవద్దన్నరు, అక్కడైతే పోదని."

ఎల్లక్క టీవీ కింది డబ్బా వైపు మరోసారి చూసింది.

"గీ ముక్క గప్పుడే చెప్తే ఏం బోయె? బియ్యం బండి మీ ఇల్లు దాటిపోతుంటే నేను గూడ చూసుకుంట నిలవడ్డ. గీ పిల్ల ఎన్ని మాటలు పడ్డది. ఎందుకు చెప్పలే?"

సోమ్లీ చేతిలో ముద్ద ఆగింది. ఆమెకు కూడా ఆ జవాబు ఇంతవరకు దొరకలేదు.

తుల్సీరాం సంచి మూతి కట్టి, భుజాన వేసుకోకుండా పక్కన పెట్టాడు.

"బొగ్గు పెళ్ల కదలొద్దని మైకుల ఒర్రింది నేనే గద అక్కా. అది కదలకుంటెనే గల్లీకి కరెంటు లేకపాయె. మోటర్లు బందైనయి, పిల్లలు చీకట్ల కూసున్నరు, ఎవలన్న ఒక్క మాటన్నరా? గసొంటప్పుడు నాకు కరెంటు కావాలె, ఎక్కడుంటె అక్కడికి ఎతుక్కుంట పోతున్నా అని మీ అందరి ముంగట ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? దొంగ డ్యూటీ చేసిండంటె అది అబద్ధం, అనుకోనీ అనుకున్న. గిదైతె నిజమాయె."